నలభై అయిదు నిమిషాలు తక్కువ

ఆఫీసరమ్మ గోటితో బ్యాటరీ మీది పసుపు టేపు అంచు పట్టుకుని లాగింది. చర్రుమని చప్పుడైంది. ఊళ్ళో ఆక్సిజన్ మిషన్లు చూసే గాలి మేస్త్రికి తన ఒంటి మీది ప్లాస్టర్‌నే ఎవరో పీకినట్టనిపించింది.

"అవి నేను పరీక్ష చేసి టేపు వేసినవండీ. సర్టిఫికెట్ మీ చేతి కిందే ఉంది," అన్నాడు.

"చదివానండీ. దస్తూరీ బాగుంది," అందామె తలెత్తకుండా. "అయినా బటన్ నొక్కి చూడాలి."

విమానాశ్రయంలో ఆ మూల కౌంటరు తీరే వేరు. చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్ళూ, ఐసు పెట్టెల్లో ఇంజెక్షన్లు పట్టుకొచ్చేవాళ్ళూ, మిషన్లతో ఊపిరి తీసేవాళ్ళూ ముందు అక్కడికే రావాలి. బల్ల కూడా మిగతా కౌంటర్ల కన్నా మూరెడు తక్కువ ఎత్తులో ఉంటుంది, కూర్చున్నవాళ్ళకి అవతలి మనిషి మొహం కనపడాలని. ఈ మొహంలో మాత్రం చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. నలభై దాటిన మనిషి. జేబులో మూడు పెన్నులు, నవ్వన్నది మచ్చుకైనా లేదు.

ఎదురుగా చక్రాల కుర్చీలో డ్రిల్లు మేడమ్. ఒకప్పుడు స్కూల్లో ఆవిడ ఈల వేస్తే, గోడెక్కి పారిపోతున్న పిల్లలు సైతం దిగొచ్చి వరసలో నిలబడేవాళ్ళు. ఇప్పుడా ఊపిరితిత్తులు ఎండిన స్పాంజీల్లా గట్టిపడ్డాయి. ముక్కులో సన్నటి గొట్టం, ఒళ్ళో టిఫిన్ క్యారేజీ అంత మిషన్. అది చుట్టూ ఉన్న గాలినే పీల్చి, ఆక్సిజన్ వేరుచేసి, ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా టుస్సుమని ఒక గుక్క అందిస్తుంది. విమానంలోకి సిలిండర్లను రానివ్వరు. ఈ మిషన్‌ని రానిస్తారు, ప్రయాణం ఎంతసేపో దానికి ఒకటిన్నర రెట్లు నడిచేన్ని బ్యాటరీలు వెంట ఉంటే.

నాలుగు గంటల విమాన దూరంలో ఉన్న పెద్దాస్పత్రిలో గురువారం పొద్దున పదింటికి డాక్టర్ల బోర్డు కూర్చుంటుంది. ఊపిరితిత్తులు మార్చాల్సినవాళ్ళ జాబితాలోకి ఎవరిని ఎక్కించాలో ఆ బోర్డే తేలుస్తుంది. మనిషి కళ్ళెదుట ఉండాలి. ఇది తప్పితే మళ్ళీ నాలుగు నెలలకి. అన్నాళ్ళు ఆగొచ్చా అని అడిగితే ఇక్కడి డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు. ఆ ఊరికి విమానం రోజు విడిచి రోజు. ఇవాళ సోమవారం.

మొదటి బ్యాటరీ బటన్ నొక్కితే నాలుగు పచ్చ లైట్లు వెలిగాయి. రెండోదానికీ నాలుగు. ఆఫీసరమ్మ మూడోదాని టేపు పీకింది. రెండు లైట్లు వెలిగి, అక్కడే ఆగిపోయాయి. నాలుగోది నొక్కింది. దానికీ రెండే.

మేస్త్రి పీకేసిన టేపు ముక్కల వైపు చూశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది అతనికి. వాడకుండా అలమరలో పెట్టే బ్యాటరీలని పూర్తిగా చార్జి చేసి ఉంచకూడదు, ఉబ్బిపోతాయి. సగమే నింపి పెట్టాలి. అతని దుకాణంలో సగం నింపినవాటికి నీలం టేపు, నిండా నింపి గడియారం పెట్టి పరీక్షించినవాటికి పసుపు టేపు. పోయిన గురువారం నీలం చుట్ట అయిపోయింది. రెండు బ్యాటరీలు మిగిలాయి. తర్వాత మారుద్దాంలే అనుకుని వాటికి పసుపు చుట్టి అలమరలో పెట్టాడు. నిన్న మధ్యాహ్నం సంచి సర్దుతుంటే భార్య అడిగింది, అన్నీ నిండుగా ఉన్నాయా అని. అతను టేపు రంగు చూశాడు, బటన్ నొక్కలేదు. నా టేపుంటే నా మాట ఉన్నట్టే అన్నాడు.

ఆఫీసరమ్మ కాగితం మీద లెక్క వేసింది. ఒక్కో బ్యాటరీ గంటా నలభై అయిదు నిమిషాలు. రెండు నిండువి, రెండు సగానివి. అయిదుంబావు గంటలు. కావాల్సింది ఆరు.

"నలభై అయిదు నిమిషాలు తక్కువ," అంది.

మేడమ్ మేనకోడలు అప్పటిదాకా కుర్చీ వెనక నిలబడి మెసేజీలు చూసుకుంటోంది. ఆ మాటకి ఫోన్ దించింది. ప్రయాణం నాలుగు గంటలే కదా, అయిదుంబావు చాలదా అని అడిగింది. విమానం అనుకున్న టైముకి దిగితే చాలుతుందనీ, దిగని రోజు కోసమే రూలు పెట్టారనీ, ఇది చిన్న విమానం కాబట్టి సీట్ల దగ్గర ప్లగ్గులు కూడా ఉండవనీ ఆఫీసరమ్మ చెప్పింది. ఆ పిల్ల బతిమాలింది. ఆ తర్వాత గొంతు పెంచింది. ఇంకా తర్వాత ఫోన్ ఎత్తి వీడియో మొదలుపెట్టింది.

కౌంటరు మూయడానికి పది నిమిషాలుంది. సగం బ్యాటరీ నిండాలంటే రెండు గంటలు పడుతుంది. చేయగలిగింది ఏమీ లేదు.

ఆఫీసరమ్మ ఫారం అతని వైపు తిప్పింది. అందులో ఆమె ఎర్ర పెన్నుతో రాసింది: మూడు, నాలుగు నంబర్లు సగమే. "చూసినట్టు ఒక సంతకం పెట్టండి. బుధవారం మళ్ళీ వచ్చినప్పుడు మొదటికి రాకుండా ఉంటుంది."

పెన్ను అతని వేళ్ళ మధ్య ఉంది. ఫోన్ కన్ను అతని వైపు తిరిగి ఉంది. సర్టిఫికెట్ కింద అతని దుకాణం ముద్ర నీలంగా మెరుస్తోంది. పక్క కౌంటర్ల వాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

"నేను పెట్టను," అన్నాడు. "ఆ లైట్లను నమ్మడానికి లేదు. బ్యాటరీలు నిండుగానే ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ సర్వీసు నాది."

ఆఫీసరమ్మ మొదటిసారి తలెత్తి అతన్ని చూసింది. కోపంగా కాదు, జతకాని రెండు చెప్పుల్ని చూసినట్టు చూసింది. పెన్ను వెనక్కి తీసుకుని, సంతకం చోట 'నిరాకరించారు' అని రాసుకుంది.

డ్రిల్లు మేడమ్ ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ కళ్ళు బల్ల మీద, సరిగ్గా తన ఎత్తులో ఉన్న బ్యాటరీల దగ్గర కాసేపు ఆగి, మేస్త్రి మొహం మీదికి వచ్చాయి. మిషన్ టుస్సుమంది.

"పద, ముప్పై ఏడూ. ఇంటికి," అంది.

ముప్పై ఏడు అతని రోల్ నంబరు. తన దగ్గర చదివినవాళ్ళని ఆవిడ ఇప్పటికీ నంబర్లతోనే పిలుస్తుంది.

మంగళవారం పొద్దున్నే దుకాణంలో నాలుగు బ్యాటరీలు బల్ల మీద వరసగా పెట్టి మేస్త్రి పరీక్ష మొదలుపెట్టాడు. ఒక్కోదాన్ని ఒక్కో మిషన్‌కి తగిలించి, పక్కన గడియారం పెట్టి, పూర్తిగా దిగేదాకా నడపాలి, నింపి ఇంకోసారి నడపాలి. ఆ తర్వాత నిండా చార్జి చేయాలి. మామూలుగా ఈ పని చేసేటప్పుడు రేడియోలో పాటలు పెట్టుకుంటాడు. ఇవాళ పెట్టలేదు. నాలుగు మిషన్లు నాలుగు రకాల లయలో టుస్సు టుస్సుమంటుంటే గదిలో నలుగురు రోగులు కూర్చుని తనవైపే చూస్తున్నట్టుంది.

ఫోన్ ఆగకుండా మోగుతోంది. వీడియో మూడు లక్షల మంది చూశారట. అందులో ముక్కున గొట్టంతో మేడమ్ ఉంది, ఎర్ర పెన్ను పట్టుకున్న ఆఫీసరమ్మ ఉంది, సంతకం పెట్టనన్న మేస్త్రి ఉన్నాడు. లైట్లు లేవు. అవి వెలిగినప్పటికి ఇంకా ఫోన్ పైకి లేవలేదు. నిపుణుడే స్వయంగా చెప్పినా వినని రాక్షసి అని కింద ఎవరో రాశారు. ఆమె ఉండే వీధి పేరు ఇంకెవరో పెట్టారు. పాత కస్టమర్లు ఫోన్ చేసి, గడ్డి పెట్టావయ్యా మేస్త్రీ అన్నారు. రెండు ఆస్పత్రులు మిషన్లు కావాలని కబురు పెట్టాయి.

అతని భార్య దుకాణంలో ముందు బల్ల దగ్గర రసీదులు రాస్తుంది. ఫోన్లన్నీ ఆమే ఎత్తుతోంది. పదకొండింటికి లోపలికి వచ్చి, అతని ముందు ఒక అట్ట రింగు పెట్టింది. నీలం టేపు అయిపోగా మిగిలిన చుట్ట.

"చెత్తబుట్టలో దొరికింది," అంది.

అతను గడియారం వైపు చూశాడు.

"ఆ ఆఫీసరమ్మని నిన్న సాయంత్రమే ఉద్యోగంలోంచి పక్కన పెట్టారటండీ. రేపు పొద్దున విచారణట. ఫోన్లో చెప్పారు, ఏదో శుభవార్త చెప్పినట్టు." ఆమె కొంగుతో బల్ల అంచు తుడిచింది, అక్కడ దుమ్మేమీ లేకపోయినా. "మీరు నిన్న వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సరిగా తినలేదు. నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా."

అతను చెప్పాడు. రెండు వాక్యాల్లో అయిపోయింది. ఇంత చిన్నదా అనిపించింది తనకే.

ఆమె ఆ అట్ట రింగుని చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత అన్నది అతను ఊహించిన మాట కాదు.

"నిజం చెప్పేయండి అనాలని నా నోటిదాకా వచ్చింది. కానీ రేపు మేడమ్ ఎక్కేదీ మీ సర్టిఫికెట్ మీదే కదా? నిన్నటిది తప్పుడు సర్టిఫికెట్ అని మీరే ఒప్పుకుంటే, రేపటి దాన్ని ఎవరు తీసుకుంటారు?"

అదే మాట నిన్న రాత్రంతా అతన్ని నమిలింది. ఈ ఊళ్ళో ఆ మిషన్లకి సర్టిఫికెట్ ఇవ్వగలిగింది తనొక్కడే. నోరు విప్పితే ఆ ముద్ర చెల్లదు. ముద్ర చెల్లకపోతే బుధవారం విమానం లేదు. గురువారం బోర్డు లేదు. నోరు మూసుకుంటే అన్నీ ఉంటాయి, ఒక ఆఫీసరమ్మ ఉద్యోగం తప్ప.

మూడింటికి పరీక్ష ముగిసింది. నాలుగు బ్యాటరీలూ ఆరోగ్యంగానే ఉన్నాయి. చార్జికి పెట్టి, మేడమ్ ఇంటికి బయల్దేరాడు.

అక్కడ గుమ్మం ముందు విమాన కంపెనీ కారు ఆగి ఉంది. లోపల మేనేజరు, పెద్ద పూలగుత్తి పట్టుకుని, కూర్చోవాలో నిలబడాలో తేల్చుకోలేక మధ్యస్థంగా వంగి ఉన్నాడు. పూల వాసనకి మేడమ్‌కి దగ్గు వస్తుందని మేనకోడలు గుత్తి లాక్కుని వరండాలో పడేసింది. మేనేజరు క్షమాపణలు చెప్పాడు. రేపటి విమానంలో ముందు వరస సీట్లు, టిక్కెట్ల ఖర్చు కంపెనీదే. కౌంటరు దగ్గర చెకింగులూ గికింగులూ ఉండవు, తనే స్వయంగా ఎక్కిస్తాడు.

అతని దృష్టి మేస్త్రి మీద పడింది. మొహం విప్పారింది.

"మీకోసమే చూస్తున్నానండీ. మీరు ఒక నాలుగు ముక్కలు రాసిస్తే మాకు పని తేలికవుతుంది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయనీ, మా ఆఫీసరు పొరపాటు పడిందనీ. రేపు పదింటికి విచారణ. ఆ కాగితం ఉంటే అయిదు నిమిషాల్లో ముగుస్తుంది."

రేపు విమానాశ్రయంలో ఇస్తానన్నాడు మేస్త్రి.

మేనేజరు వెళ్తూ వెళ్తూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఓదార్పుగా ఒక మాటన్నాడు. "ఒకరకంగా మీరు నిన్న ఎక్కకపోవడమే మంచిదైంది లెండి. అక్కడ గాలివాన. దిగడానికి లేక ఇంకో ఊరు తీసుకెళ్ళి ఆపారు. మళ్ళీ లేచి, వెళ్ళి దిగేసరికి మొత్తం ఆరు గంటల పది నిమిషాలు. జనం మా ప్రాణం తీశారనుకోండి. ఇది మాత్రం వీడియోలో పెట్టకమ్మా."

మేనకోడలు నవ్వింది. మేస్త్రి వేళ్ళ మీద లెక్క వేశాడు.

ఆరు గంటల పది నిమిషాలు. అయిదుంబావుకి నాలుగో బ్యాటరీ ఆగిపోయేది. అక్కడినుంచి యాభై అయిదు నిమిషాలు. మేడమ్‌కి గొట్టం తీస్తే వేళ్ళ గోళ్ళు నీలంగా మారడానికి ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. మిషన్ అమర్చిన మొదటి రోజు గడియారం పెట్టి చూసింది అతనే. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. పక్క సీట్లో మిషన్‌కి తోడుగా తానే కూర్చుని ఉండేవాడు, చేతిలో పసుపు టేపు ముక్కతో.

మేనకోడలు కారుదాకా మేనేజర్ని సాగనంపడానికి వెళ్ళింది. డ్రిల్లు మేడమ్ కుర్చీ పక్కన తట్టింది, దగ్గరికి రమ్మని. ఆవిడ మాటలు పొదుపుగా వాడుతుంది. ప్రతి అయిదారు మాటలకీ ఒక గుక్క కావాలి.

"లాబొరేటరీ కిటికీ పగిలింది. గుర్తుందా."

"ఉంది మేడమ్."

గుర్తులేకపోవడమేమిటి. అందర్నీ ఎండలో వరసగా నిలబెట్టి, తప్పు చేసినవాళ్ళు ఒకడుగు ముందుకు రండి అనేది ఆవిడ. అంతే. కేకలుండవు, బెత్తం ఉండదు. వచ్చినవాణ్ణి తిట్టేది కూడా కాదు. చెయ్యెత్తి, రెండు వేళ్ళు వెనక్కి ఆడించేది, లైనులోకి పో అని. ఆ విషయం అక్కడితో సరి. మళ్ళీ ఎప్పుడూ ఎత్తేది కాదు.

"ఆ రోజు ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు మేడమ్. ఆఖరి బెల్లుదాకా నిలబెట్టారు."

"ఎవరో నాకు తెలుసు. మొదట్నుంచీ." మిషన్ రెండుసార్లు టుస్సుమంది. "కిటికీకి ఎదురుగా ఉన్నాను నేను. అన్నీ కనపడతాయి, ఎదురుగా ఉంటే."

అతను తల దించుకున్నాడు. విమానాశ్రయంలో ఎంత తక్కువ ఎత్తు బల్ల అది. నాలుగు లైట్లూ, రెండు లైట్లూ, ఆవిడ ముక్కుకి మూరెడు దూరంలో.

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు మేడమ్?"

జవాబు రావడానికి చాలా గుక్కలు పట్టింది. "నాకూ ఎక్కాలని ఉంది ముప్పై ఏడూ. బతకాలని ఉంది. అందుకే నోరు మెదపలేదు." ఆవిడ కళ్ళు మూసుకుంది. "నీకు చెప్పే మొహం నాకు లేదు. నువ్వే చూసుకో."

బుధవారం తొమ్మిదింబావుకి మూల కౌంటర్లో కొత్త క్లర్కు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ మడత పోని యూనిఫారం. మేనేజరు అతని భుజం మీద చెయ్యేసి, ముద్ర వెయ్యి, పంపించు అని ముందే చెప్పి ఉంచాడు. విమానం పదీ ముప్పావుకి. పై అంతస్తులో విచారణ పదింటికి.

"రాసుకొచ్చారా?" అన్నాడు మేనేజరు చెయ్యి చాస్తూ.

మేస్త్రి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. రాత్రి భార్య ఎదురుగా కూర్చుని రాసింది. మొదటి రెండు వాక్యాలు చదివేసరికి మేనేజరు పెదాల మీద నవ్వు అలాగే ఉండి, కళ్ళు మాత్రం కాగితం మీద ముందుకీ వెనక్కీ పరిగెత్తాయి.

"ఇదేంటండీ ఇది?"

మేస్త్రి మేనకోడలి వైపు తిరిగాడు. "ఫోన్ తీమ్మా. సోమవారం తీసినట్టే తియ్యి."

ఏం జరుగుతోందో తెలియక ఆ పిల్ల మేడమ్ వైపు చూసింది. మేడమ్ కళ్ళార్పి సరే అంది. ఫోన్ పైకి లేచింది.

అతను బల్ల ముందు ఒకడుగు వేశాడు.

"సోమవారం రెండు బ్యాటరీలు సగమే ఉన్నాయి. తప్పు టేపు వేసింది నేను. చూసుకోకుండా సర్టిఫికెట్ రాసింది నేను. ఆఫీసరమ్మ పట్టుకుంటే లైట్లు నమ్మొద్దని అబద్ధం చెప్పింది కూడా నేనే. ఆమె మమ్మల్ని ఎక్కనిచ్చి ఉంటే మేడమ్ గాల్లోనే పోయేది."

మేనకోడలి చెయ్యి కిందికి జారింది. మేనేజరు కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, మేస్త్రి చెవికి దగ్గరగా వచ్చి మాట్లాడాడు. ఈ కాగితం తాను చూడలేదనుకుంటాడట. పెద్దావిడ దిగాక, రేపో ఎల్లుండో తీరిగ్గా చెప్పుకోవచ్చట. ఇప్పుడే తీసుకుంటే మాత్రం ఆ ముద్ర ఇక్కడ చెల్లదు. చెల్లకపోతే ఈ మిషన్ విమానం ఎక్కదు. ఇది బెదిరింపు కాదు, రూలు.

"తెలుసు," అన్నాడు మేస్త్రి. "తీసుకోండి."

"ఏం మనిషివయ్యా నువ్వు," అంది మేనకోడలు. అప్పటిదాకా మేస్త్రిగారూ అని పిలిచిన పిల్ల. "రేపు చెప్తే ఏం పోయేది? అత్తయ్య ప్రాణం మీద పెట్టి..." మాట పూర్తికాలేదు, ఏడుపు అడ్డొచ్చింది.

"రేపటికి ఆమె విచారణ అయిపోతుందమ్మా," అన్నాడు. అతను ఇంకా బల్లవైపే చూస్తున్నాడు. రాత్రంతా కంపెనీ రూళ్ళ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. ఒకే ఒక్కటి దొరికింది. అది పనిచేస్తుందో లేదో తెలియదు. "రూళ్ళలో ఇంకోటుంది సార్. బయటి సర్టిఫికెట్ లేకపోతే, శిక్షణ ఉన్న మీ ఆఫీసరు తన చేత్తో పరీక్షించి, తన పూచీ మీద ఎక్కించొచ్చు."

"ఉంది. కానీ శిక్షణ ఉన్న ఆఫీసరు ఈ స్టేషనులో ఒక్కరే," అన్నాడు మేనేజరు. అంటూనే ఆగిపోయాడు. కొత్త క్లర్కు నెమ్మదిగా తలెత్తి పై అంతస్తు వైపు చూశాడు.

తొమ్మిదీ ముప్పై నిమిషాలైంది. మేనేజరు ఫోన్ తీసి పై అంతస్తుకి కబురు చేశాడు. ఆమె రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. మేడమ్ గోడ ప్లగ్గు దగ్గర కూర్చుని మిషన్‌తో ఊపిరి తీస్తోంది. మేస్త్రి ఆ చప్పుళ్ళని లెక్కపెట్టాడు. నూట ఇరవై ఏడు.

ఆఫీసరమ్మ యూనిఫారంలో లేదు. మామూలు బట్టల్లో, చంకలో ఒక ఫైలుతో మెట్లు దిగింది. మేనేజరు ఆమెకు ఎదురెళ్ళి కాగితం ఇచ్చాడు. నడుస్తూనే చదివింది. మొహంలో ఏమీ మారలేదు. కౌంటరు వెనక్కి వచ్చి, క్లర్కుని కుర్చీ ఖాళీ చెయ్యమని సైగ చేసింది. అతను లేచాడు. ఆమె కూర్చుని, సొరుగులోంచి తన ఎర్ర పెన్ను తీసుకుంది.

మేస్త్రితో ఏం మాట్లాడుతుందోనని అందరూ చూశారు. ఆమె చెయ్యి చాచింది. అతను బ్యాటరీలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు.

చర్రున టేపు పీకింది. నాలుగు లైట్లు. బటన్ మళ్ళీ నొక్కింది. నాలుగు. దాన్ని మిషన్‌కి తగిలించి రెండు నిమిషాలు నడిపింది, కళ్ళు గడియారం మీద పెట్టి. తీసి పక్కన పెట్టింది. రెండోది. మూడోది. తొమ్మిదీ యాభై అయింది. మేనేజరు రెండుసార్లు దగ్గాడు. ఆమె తొందరపడలేదు. నాలుగోది నొక్కినప్పుడు మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నాలుగు పచ్చ చుక్కలు.

"ఏడు గంటలు," అంది. "కావాల్సింది ఆరు."

మేనకోడలు వెక్కిళ్ళు మింగింది.

"మీరు ఎక్కడానికి లేదు," అంది ఆఫీసరమ్మ మేస్త్రితో. "మిషన్ తోడుగా వెళ్ళే మనిషి పేరు మీ సర్టిఫికెట్ మీదే ఉంది. అది పోయింది. మీ సీట్లో ఈ అమ్మాయి వెళ్ళాలి. బ్యాటరీ మార్చడం వచ్చా?"

రాదు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని చూపించాడు. ఇక్కడ నొక్కాలి, ఇలా లాగాలి, పాతది తీసి కొత్తది పెట్టేలోపు పదిహేను సెకన్లు దాటకూడదు, మిషన్ అరిస్తే కంగారు పడొద్దు. ఆ పిల్ల మొదటిసారి ముప్పై సెకన్లు తీసుకుంది. రెండోసారి ఇరవై. అతని మొహం చూడకుండా అతని వేళ్ళే చూస్తూ నేర్చుకుంది. నాలుగోసారి పదకొండు. బాగుంది అన్నాడు. ఆమె లేచేటప్పుడు, అతను లేవలేకపోతుంటే, చెయ్యి ఇచ్చింది.

ఆఫీసరమ్మ కొత్త ఫారం నింపి, పూచీ చోట తన పేరు రాసింది. ఆ తర్వాత ఫైలు తెరిచి సోమవారం ఫారం తీసింది. 'నిరాకరించారు' అన్న మాట ఎర్రగా ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, కాగితాన్ని అతని వైపు తిప్పింది.

అతను సంతకం పెట్టాడు.

ఆమె సిరా ఆరిందో లేదో చూసుకుని ఫారం ఫైల్లో పెట్టుకుంది. పది కావడానికి రెండు నిమిషాలుంది. "వీడియో చూసి మా అబ్బాయి నిన్న స్కూలుకి వెళ్ళలేదు," అంది. అతనితో అన్నట్టు కాదు, బల్లతో అన్నట్టు. ఫైలు చంకన పెట్టుకుని మెట్ల వైపు నడిచింది. మేనేజరు ఆమె వెనకే వెళ్ళాడు, సోమవారం నుంచి మొదటిసారి ఆమెకన్నా ఒకడుగు వెనక.

చక్రాల కుర్చీ కదిలింది. ఎవరో తోస్తున్నారు, పక్కన మేనకోడలు భుజాన బ్యాటరీల సంచితో, దాన్ని రెండు చేతులా పట్టుకుని నడుస్తోంది. గాజు తలుపుల దగ్గర డ్రిల్లు మేడమ్ కుర్చీ ఆపమంది. వెనక్కి తిరగడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. హాలు మధ్యలో, పీకేసిన నాలుగు టేపు ముక్కలు గుప్పిట్లో పెట్టుకుని, ఒక్కడే నిలబడి ఉన్నాడతను.

ఆవిడ చెయ్యెత్తింది. రెండు వేళ్ళు వెనక్కి ఆడించింది.

యాభై దగ్గరపడ్డ మనిషి, తనకి తెలియకుండానే మడమలు దగ్గరికి చేర్చి, ఒకడుగు వెనక్కి వేశాడు. వెనకున్న ఎవరికో తగిలాడు. ఐసు పెట్టె పట్టుకున్న ఒక ముసలాయన.

"లైనులో ఉన్నారా బాబూ?" అని అడిగాడాయన.

"ఉన్నానండీ," అన్నాడు మేస్త్రి.